వెనక నుంచి ముప్పై, ముందు నుంచి అరవై

భీమవరం. మాఘమాసం, ఉదయం తొమ్మిదిన్నర. కల్యాణమండపం గేటు పక్కన, సన్నాయి స్పీకరుకి కాస్త ఎడంగా నిలబడండి, చెవులకి మంచిది. తలెత్తితే పన్నెండడుగుల ఫ్లెక్సీ. నడుమ వధూవరులు, చుట్టూ చిన్న చిన్న గళ్లలో తాతలు, బాబాయిలు, మేనమామలు. కుడివైపు రెండో వరస చూడండి. బుగ్గలు పొంగి కళ్లు సన్నబడిన మొహం, దట్టమైన నల్ల మీసం, గడ్డం నేరుగా చొక్కా కాలర్లోకి దిగిపోయింది. కింద ‘మేనమామ’ అని ఉంది. వయసెంతంటే నలభై అయిదు అంటారేమో. ఆ ఫొటో తీసి రెండేళ్లయింది. అప్పటికి ఆయనకి 51 ఏళ్లు, బరువు 121 కిలోలు.

ఈలోగా బుల్లెట్టు మీద ఒకాయన వచ్చి ఆగాడు. కాలు అవలీలగా తిప్పి దిగాడు. మీకు వీపే కనపడుతోంది: సన్నటి నడుం, నిటారుగా వెన్ను, టక్ చేసిన తెల్ల చొక్కా. ఆటోలోంచి నీళ్ల టిన్నులు దింపుతున్న కుర్రాడికీ వీపే కనపడింది.

“అన్నా, టిన్నులు పైకా, కిందకా?”

ఆయన తిరిగాడు. కుర్రాడు చేతిలో టిన్ను కింద పెట్టేశాడు.

“అయ్యో, చూసుకోలేదండి పెద్దయ్యగారూ.”

ఫ్లెక్సీలో మేనమామ ఈయనే. ఇప్పుడు 53 ఏళ్లు, 79 కిలోలు. పద్నాలుగు నెలల కిందట హైదరాబాదులో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాడు. పొట్టలో ముప్పావు వంతు, ఇంకొంచెం ఎక్కువే, కోసి తీసేసి మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టేస్తారు. 42 కిలోలు పోయాయి. పోతూ పోతూ నడుముకి ఇరవై ఏళ్లు తగ్గించి, ఆ ఇరవైలో సగం మొహానికి అంటగట్టాయి.

ఆయన వెనకే లోపలికి పదండి. పన్నీరు చల్లే అమ్మాయిల్ని దాటితే మొదట ఎదురయ్యేది పెద్దత్తగారు. రెండు చేతులా ఆయన మొహం పట్టుకుంది.

“ఏంట్రా అబ్బాయ్, ఇలా చిక్కిపోయావ్! షుగరొచ్చిందా?”

ఆయన నవ్వి ఊరుకున్నాడు. షుగరు వచ్చింది, పదేళ్ల కిందట, ఫ్లెక్సీలో ఉన్న ఒంట్లోకి. ఆపరేషన్ తర్వాత ఒక్కొక్క మాత్రా మానేస్తూ వచ్చి ఇప్పుడు ఆ షుగరు కూడా లేదు. ఆ మాట చెబితే పెద్దత్తగారు నమ్మదు. ఆమె ఎరిగిన కాలంలో ఇంత చిక్కిన మనుషులు క్షయతోనో, పుండుతోనో, చెప్పుకోలేని దిగులుతోనో చిక్కారు. కావాలని, డబ్బు కట్టి చిక్కినవాణ్ణి ఆమె చూడలేదు. కాబట్టి మూడు వరసల అవతల గుసగుస ఎలా ఉంటుందో మీరు ఊహించగలరు. “పరీక్షలన్నీ చేయించారో లేదో, వదిన్నడుగు.” కుర్రకారు దగ్గర మరో గుసగుస: “బావా, మౌంజారోనా?” 2025 మార్చిలో ఒళ్లు తగ్గించే ఆ ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చాక పెళ్లిళ్లలో ఈ ప్రశ్న కొత్తగా చేరింది. అంతకు ఏడెనిమిదేళ్ల ముందు ఇవే కుర్చీల్లో కూర్చుని వీరమాచనేని డైటు గురించి, రోజుకెంత కొబ్బరినూనె తాగాలన్న దాని గురించి మాట్లాడుకున్నారు. మన వాళ్లకి సన్నబడటం మీద ఆసక్తికేం లోటు లేదు. సన్నబడినవాణ్ణి చూస్తేనే భయం.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే కూర్చోండి. మొహమాటం వద్దు, దగ్గర్నుంచి చూడండి.

కణతలు లోపలికి పోయాయి. కంటి కింద, బుగ్గ మొదలయ్యే చోట, వంపు తిరిగిన పల్లం. ముక్కు పక్క నుంచి మూతి చివరికి దిగే గీత ఫ్లెక్సీలో లేనే లేదు, ఇప్పుడు లోతుగా ఉంది. దవడ అంచున చర్మం చిన్న సంచీగా జారింది. గడ్డం కింద, ఆయన గుటక వేసినప్పుడు, మెడ మీద నిలువుగా రెండు తాళ్లు లేచి పడుతున్నాయి.

మొహంలో కొవ్వు ఒకే పొరగా పరుచుకుని ఉండదు. 2007లో అమెరికాలోని డాలస్‌లో రోరిచ్, పెస్సా అనే ఇద్దరు డాక్టర్లు శవాల మొహాల్లోకి నీలిరంగు ఎక్కించి చూశారు. రంగు అంతటా పాకలేదు. కన్ను కింద ఒక అర, బుగ్గలో రెండు మూడు, కణతలో ఒకటి, దవడ దగ్గర ఒకటి, ఏ అరలో ఎక్కించింది ఆ అరలోనే ఆగింది. వయసుతో ఈ అరలు అన్నీ ఒకేలా తగ్గవు. కొన్ని ముందే వట్టిపోతాయి, కొన్ని కిందికి జారతాయి. పైపెచ్చు నలభై దాటాక అడుగున ఎముక కూడా కొంచెం కొంచెంగా అరుగుతుంది, కంటి గూడు పెద్దదవుతుంది. ఒళ్లున్నవాడి మొహంలో ఇదంతా జరుగుతూనే ఉంటుంది కానీ నిండిన అరలు కప్పిపెడతాయి. మేనమామ మొహం అలా ఏళ్ల తరబడి కప్పుకుని ఉంది. పద్నాలుగు నెలల్లో కప్పు ఎత్తేశారు. దిండులో దూది సగం తీసేసి గలీబు అదే ఉంచితే ఎలా ఉంటుందో అలా అయింది.

గలీబు బాగుంటే ముడుచుకునేది. ఈయన చర్మం అలాంటిది కాదు. చేతులు చూడండి, మోచేతి కింద ఒక రంగు, చొక్కా లోపల ఒక రంగు. పాతికేళ్లు రొయ్యల చెరువుల గట్ల మీద, మధ్యాహ్నం మేత వేసే వేళకి, టోపీ కూడా లేకుండా తిరిగాడు. సాగిన చర్మాన్ని వెనక్కి లాగే ఎలాస్టిన్ పోగుల్ని ఎండ అన్నేళ్లూ తింటూనే ఉంది. దానికి తోడు బరువు బాగా వేగంగా దిగింది. అంత వేగంగా దిగినప్పుడు కరిగేది ఒట్టి కొవ్వే కాదు. పోయిన బరువులో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, కొవ్వు కానిది ఉంటుంది, కండతో సహా. ఆపరేషన్ అయిన మూణ్ణెల్లకి జుట్టు కూడా గుప్పెళ్లతో ఊడింది. అది తిరిగి వచ్చింది, వచ్చేటప్పుడు నెరిసి వచ్చిందని ఆయన ఫిర్యాదు. నెరుపు ముందే ఉంది, రంగు వెయ్యడం మానేశావని వాళ్లావిడ అంటుంది.

ఉంగరం చూశారా? నవరత్నాల ఉంగరం, వెనక దారం దట్టంగా చుట్టి ఉంది. చిన్నది చేయించమని ఆవిడ పోరు పెడుతోంది. మళ్లీ లావైతేనో అని ఈయన.

మంగళసూత్రం వేళయింది, అక్షింతలకి లేవండి. వేదిక దగ్గర పెళ్లికూతురి పక్కన తలుపు గడియంత సన్నగా నిలబడ్డ — కాదు, ఆ మాట ఇప్పుడు ఆ పిల్లకి నచ్చదు, కష్టపడి కండ పెంచింది — లంగావోణీ అమ్మాయిని చూడండి. మేనమామకి చిన్నన్నగారి కూతురు. 26 ఏళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం. నిరుడు ఇదే వేళకి 92 కిలోలు, ఇప్పుడు 61. పురోహితుడు ఆమెని “ఇంటర్ ఏ కాలేజీ అమ్మా?” అని అడిగాడు. నిరుడు ఇదే అమ్మాయిని ఎవరో “పిల్లలెంతమంది?” అని అడిగారు.

ఒకే ఇల్లు, ఒకే రక్తం, ఇద్దరూ ఒళ్లు తగ్గారు. ఒకరు పదేళ్లు వెనక్కి, ఒకరు పదేళ్లు ముందుకి.

మేడ మీద భోజనాలు. మెట్లు ఎక్కేటప్పుడు మేనమామని మీరు అందుకోలేరు. రెండేసి మెట్లు ఎక్కుతాడు. మలుపు దగ్గర కమ్మీ పట్టుకుని ఆగడం, ‘మీరు పదండి, ఫోనొచ్చింది’ అని అబద్ధమాడటం, అవన్నీ పోయాయి. మోకాళ్లు అరిగినవాళ్ల మీద చేసిన లెక్కల్లో, ఒంటి బరువు ఒక్క కిలో తగ్గితే వేసే ప్రతి అడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గిందని తేలింది. రాత్రిళ్లు గురక లేదు. బీపీ మాత్ర సగానికి వచ్చింది. ఆయన లోపల ఏ అవయవాన్ని వయసడిగినా చిన్న అంకే చెబుతుంది. కానీ పెళ్లిలో ఎవరూ మోకాళ్లు చూసి పలకరించరు.

బల్ల దగ్గర ఆయనకి ఎదురుగా కూర్చోండి. పక్కన చర్మవ్యాధుల డాక్టరు, వరసకి బావగారు. ముద్దపప్పు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు, ఆకు నిండిపోయింది. మేనమామ ముందు పప్పు తిన్నాడు, తర్వాత పెరుగు. మాంసకృత్తులు ముందు, రోజుకి కనీసం అరవై గ్రాములు పడాలి. బూరె ముక్క తుంచి నోట్లో వేసుకుని ఆగిపోయాడు. వడ్డించే కుర్రాడు “తినండి బాబాయిగారూ, ఈ వయసులో కాకపోతే ఎప్పుడు” అన్నాడు.

“ఎంత వయసనుకుంటున్నావురా నాకు?”

“ఓ అరవై రెండు... తక్కువే ఉంటాయిలెండి.”

డాక్టరు బావగారు నవ్వు ఆపుకోలేక మంచినీళ్లు తాగాడు. తాగి, ఒక ఊరి సంగతి ఎత్తాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ట్విన్స్‌బర్గ్ అని ఒక పట్నం. 1976 నుంచి ఏటా ఆగస్టులో అక్కడ కవలల పండగ చేస్తారు. ఎక్కడెక్కడి కవలలో జతలు జతలుగా దిగుతారు. క్లీవ్‌లాండ్‌లో గుయురాన్ అనే ప్లాస్టిక్ సర్జన్‌కి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది? అచ్చుగుద్దినట్టుండే కవలలకి పుట్టుకతో వచ్చిన సరుకు ఒకటే, కనక మొహంలో తేడా ఉంటే అది బతుకు తెచ్చిన తేడా. 186 జతల ఫొటోలు పెట్టుకుని, ఎవరు ఎంత వయసు కనపడుతున్నారో తెలియనివాళ్లతో చెప్పించాడు. 2009లో అచ్చయింది. పొగ, ఎండ మొహాన్ని ముదర్చడం అందరూ అనుకున్నదే. విడాకులైనవాళ్లు తోడబుట్టినవాళ్లకన్నా దాదాపు రెండేళ్లు పెద్దగా కనపడ్డారు.

“బరువు సంగతే తమాషా,” అన్నాడు డాక్టరు, అప్పడం విరుస్తూ. “నలభై లోపు కవలల్లో లావుగా ఉన్నవాళ్లు పెద్దగా కనపడ్డారు. నలభై దాటాక అది తిరగబడింది. లావుగా ఉన్నవాళ్లే చిన్నగా కనపడ్డారు. తేడా ఎంతో కాదు, బీఎంఐలో నాలుగు అంకెలు. మన బావ ఎత్తుకి పదకొండు కిలోల పైచిలుకు.”

“నేను తగ్గింది దానికి దాదాపు నాలుగింతలు కదా,” అన్నాడు మేనమామ.

“అందుకే కుర్రాడు అరవై రెండన్నాడు.”

ఆకుల అవతల నుంచి ఒక మేనల్లుడు జూనియర్ ఎన్టీఆర్‌ని లాక్కొచ్చాడు. భీమవరంలో ఏ చర్చయినా సినిమా దగ్గరికి రాక తప్పదు. 2006 డిసెంబరులో ‘రాఖీ’, 2007 ఆగస్టులో ‘యమదొంగ’. ఎనిమిది నెలల తేడా. మొదటి దాంట్లో 23 ఏళ్ల కుర్రాడు ముప్పై దాటినవాడిలా ఉన్నాడు, రెండో దాంట్లో కాలేజీ కుర్రాడిలా. డాక్టరు అందుకున్నాడు: “అదేరా నేను చెప్పేది. ఇరవైల్లో కొవ్వు దవడ గీత చెరిపేస్తుంది, మెడ మింగేస్తుంది, పెద్దాణ్ణి చేస్తుంది. తీసేస్తే కింద గట్టి చర్మం ఉంది, నిండు ఎముక ఉంది. యాభైల్లో తీస్తే కింద ఏముందో అదే బయటికొస్తుంది.”

మేనమామ భార్య అప్పటిదాకా వింటూ కూర్చుంది. “ఆ ఫిల్లర్లంటారే, అవి వేయిస్తే?”

వేయించొచ్చు. హైలురానిక్ ఆమ్లం జెల్లుని కణతల్లో, బుగ్గల్లో ఎక్కిస్తారు. ఏడాదో ఏడాదిన్నరో ఉండి కరిగిపోతుంది, మళ్లీ వేయించుకోవాలి. పొట్ట దగ్గర మిగిలిన కొవ్వే తీసి మొహంలో పెట్టే పద్ధతీ ఉంది, పెట్టినదాంట్లో కొంత నిలవదు. ఏదైనా బరువు ఒకచోట స్థిరపడ్డాకే. ఇంకా దిగుతుండగా నింపితే డబ్బు దండగ. డాక్టరు అవన్నీ చెప్పి, “ముందు చెరువు గట్టుకి టోపీ పెట్టుకుని వెళ్లమను” అన్నాడు.

నా మట్టుకు, ఫిల్లర్లని వెక్కిరించేవాళ్లతో నేను చేరను. మొహం చూసే పెళ్లి సంబంధాలు, బ్యాంకు అప్పులు, రొయ్యల బేరాలు జరిగే ఊళ్లో మొహానికి ఖర్చు పెట్టడం పిచ్చేమీ కాదు. పోనుపోను బేరగాళ్లు తనతో మాట్లాడకుండా కొడుకుతో మాట్లాడటం ఈయన గమనించాడు.

కిందికి దిగితే, కాళ్లు చాపుకుని దివాను మీద ఆయన తల్లి. ఎనభై దగ్గర పడింది. కొడుకు వంగి దణ్ణం పెట్టాడు. ఆవిడ అతని మొహం అటూ ఇటూ తిప్పి చూసి, “అచ్చం మీ నాన్నేరా. పోయేముందు ఇలాగే ఉన్నారు” అంది. చుట్టూ కూర్చున్నవాళ్లు గతుక్కుమన్నారు. ఆవిడ మాత్రం ఆ మొహాన్ని వదలకుండా, సంబరంగా, పక్కవాళ్లకి చూపిస్తోంది. ఇన్నేళ్లూ కొడుకులో కనపడని మనిషి ఆవిడకి ఇవాళ దొరికాడు.

రాత్రి. భీమవరం టౌన్ స్టేషన్. మర్నాడు హైదరాబాదులో చెకప్, ఆయన రైలెక్కుతున్నాడు. మీరూ ఎక్కండి, ఎదురు బెర్తే. త్రీటైర్ ఏసీ, దుప్పట్లు పంచుతున్నారు. టీటీ వచ్చాడు. కోటు బొత్తాం పొట్ట మీద పట్టి పట్టనట్టుంది. ఆధార్ కార్డు తీసుకుని, లైటు కిందికి వంచి, ఆయన్నీ కార్డునీ చూశాడు.

“ఇది మీ తమ్ముడి కార్డు కదండీ. టికెట్ ఆయన పేరు మీద తీసి మీరు వెళ్తున్నారా?”

“నాదేనండి. బరువు తగ్గాను.”

“ఎంత?”

“నలభై రెండు కిలోలు.”

టీటీ కార్డు ఇవ్వలేదు. బెర్తు అంచున కూర్చున్నాడు. చార్టు ఒళ్లో పెట్టుకుని గొంతు తగ్గించాడు. “ఏ డాక్టరండీ? నొప్పి ఉంటుందా? ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా?”

మేనమామ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. చెప్పి, “మీకెన్నేళ్లు?” అన్నాడు.

“ముప్పై నాలుగు.”

“ఆలస్యం చెయ్యకండి. మీరు తగ్గితే కుర్రాడైపోతారు.”

టీటీ లేచి కార్డు చేతిలో పెట్టాడు. “వెళ్లగానే ఆధార్ సెంటర్లో ఫొటో మార్పించుకోండి సార్. వచ్చేటప్పుడు డ్యూటీలో నేనుండను.”