జీపు ముందు ఇరుసు చప్పుడు: ఒక యంత్ర చరిత్ర

ఈ పాఠం శీర్షిక చూసి ఇది చరిత్ర పుస్తకమా, మెకానిక్ షెడ్డు పుస్తకమా అని మీకు అనుమానం రావచ్చు. రెండూ అనుకోండి. రాజుల చరిత్రకు శాసనాలు ఎలాగో, యంత్రాల చరిత్రకు వాటి విడిభాగాలు అలాగే ఆధారాలు. ఒక భాగం ఎందుకు పుట్టిందో తెలిస్తే అది ఎందుకు మొరాయిస్తుందో కూడా చాలావరకు తెలుస్తుంది. ఎడ్లబండి తోలినవారికి ఈ సంగతి కొత్త కాదు. ఇరుసు కిర్రుమంటే కందెన అయిపోయిందని చీకట్లో కూడా చెప్పేవారు.

నా అనుభవంతో మొదలుపెడతాను. పెన్నా నది వెలిగొండలను చీల్చుకుని నెల్లూరు మైదానంలోకి దిగే చోటు సోమశిల. 1970లలో పని మొదలైన అక్కడి జలాశయం నిల్వ సామర్థ్యం సుమారు 78 టీఎంసీలు. దాని వెనుక జలాల్లో కడప జిల్లా వైపు మునిగిన ఊళ్ల వారిని కలవాలని 1990ల మొదట్లో ఆత్మకూరులో ఒక పాత జీపు బాడుగకు మాట్లాడుకున్నాను. ఊరు దాటి వేగం 40 కిలోమీటర్లు మించగానే కాళ్ల కింద రేకు జుమ్మని అదరడం మొదలైంది. ముందు వైపు నుంచి ఒక గుయ్‌మనే మోత. నెల రోజులుగా ఇదే బాధ అన్నాడు ఓనరు. ఒకచోట ముందు హబ్ బేరింగులు రెండూ మార్చారు, మోత పోలేదు. ఇంకోచోట క్రౌన్, పినియన్ మార్చాలన్నారు. ఆ డబ్బు కోసం ఇంట్లో నగలు కుదువ పెట్టే ఆలోచనలో ఉన్నాడు. ఆ జీపే ఆ కుటుంబానికి తిండి పెట్టేది.

బండి వెనక్కి తిప్పి ఆత్మకూరులోనే ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాం. ఆయన స్పానరు పట్టుకోలేదు. "స్పెషల్ గేరులోనేనా, మామూలుగా కూడానా? తిప్పినప్పుడా, నేరుగా పోతున్నప్పుడా? లాగేటప్పుడా, వదిలినప్పుడా?" అని మూడు ప్రశ్నలు అడిగాడు. నేరుగా పోతున్నప్పుడు, స్పెషల్ గేరు వేయకపోయినా వస్తుందని జవాబు. అప్పుడు ముందు చక్రాల హబ్ లాకులు విప్పి, నడిపి చూడమన్నాడు. మోత లేదు.

ఇక్కడ కాస్త ఆగండి. హబ్ లాకు విప్పితే చక్రం మాత్రమే తిరుగుతుంది. లోపలి ఇరుసు షాఫ్టులు, డిఫరెన్షియల్, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ నిలిచిపోతాయి. హబ్ బేరింగు మాత్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. మోత ఆగిందంటే తప్పు బేరింగుది కాదు. అంటే అప్పటికే పెట్టిన ఒక ఖర్చు దండగ. తర్వాత ఆయన ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడదీసి, హబ్‌లు లాక్ చేసి మళ్లీ నడపమన్నాడు. ఇప్పుడు చక్రాలు డిఫరెన్షియల్‌ను తిప్పుతున్నాయి, షాఫ్ట్ మాత్రం లేదు. మోత లేదు. కాబట్టి క్రౌన్, పినియన్ మీద అనుమానం కూడా పోయింది. మిగిలింది నేల మీద పడి ఉన్న షాఫ్ట్ ఒక్కటే.

ఆ షాఫ్ట్‌లో తప్పేమిటో తెలియాలంటే మనం 17వ శతాబ్దానికి వెళ్లాలి.

వంగిన కోణంలో తిరుగుడును ఒక కడ్డీ నుంచి మరో కడ్డీకి అందించే జాయింటును ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1676లో అచ్చయిన తన హీలియోస్కోపుల పుస్తకంలో వివరించాడు. అతని దృష్టి సూర్యుణ్ని చూసే పరికరాల మీద ఉంది, బండ్ల మీద కాదు. అంతకు శతాబ్దం ముందటి ఇటలీ పండితుడు కార్డానో పేరు కూడా దీనికి అంటుకుంది. మన షెడ్లలో దీన్నే 'క్రాస్' అంటారు. దీనికొక పుట్టు లోపం ఉంది. లోపలికి వచ్చే వేగం ఒకేలా ఉన్నా, బయటికి వెళ్లే వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. వంపు 30 డిగ్రీలైతే వేగం ఒక దశలో సుమారు 13 శాతం తగ్గి, మరో దశలో సుమారు 15 శాతం పెరుగుతుంది. దీనికి విరుగుడు రెండో క్రాస్. రెండు చివర్లలోనూ కోణం సమానంగా ఉండి, షాఫ్ట్ రెండు చివరల యోకులు ఒకే వరుసలో ఉంటే మొదటిది చేసిన తప్పును రెండోది సరిచేస్తుంది.

పెద్దాయన షాఫ్ట్‌ను తిప్పి చూపించాడు. యోకులు ఒకే వరుసలో లేవు. అంతకుముందెప్పుడో క్రాసులు మార్చినప్పుడు, జారుడు స్లీవును దాని గాళ్లలో పక్కకు తిప్పి ఎక్కించారు. సరిగా ఎక్కించడానికి ఉండే బాణం గుర్తులు గ్రీజు, మట్టి కింద కప్పడిపోయాయి. ఆయన గుడ్డతో తుడిచి, గుర్తు కలిపి, మళ్లీ బిగించాడు. కూలి తప్ప సామాను ఖర్చు లేదు.

ఇక ముందు చక్రాల సంగతి. వెనుక చక్రం తోస్తే చాలు. ముందు చక్రం లాగుతూనే పక్కకు తిరగాలి. 1903లో నెదర్లాండ్స్‌లో స్పైకర్ సోదరులు నాలుగు చక్రాలకూ శక్తి అందే పెట్రోలు కారు తయారుచేశారు. 1908లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆటో జాకో, విలియం బెసర్డిక్ తిరిగే చక్రానికి శక్తినిచ్చే జాయింటును ఒక గోళాకార గూటిలో అమర్చారు. అయినా క్రాసుకున్న కుదుపు లోపం మలుపులో చేతికి తెలిసేది. 1920లలో ఫ్రాన్సులో ఫెనాయ్, గ్రెగ్వార్‌ల ట్రాక్టా, అమెరికాలో బంతులతో పనిచేసే వైస్, జెప్పా జాయింట్లు వచ్చాక వేగం సమంగా అందడం సాధ్యమైంది.

వీటిని లక్షల్లో వాడకానికి తెచ్చింది యుద్ధమే. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి నాలుగు చక్రాల బండి కావాలని కంపెనీలను అడిగింది. బాంటమ్ మొదటి నమూనా ఇచ్చింది. పెద్ద ఎత్తున తయారుచేసింది మాత్రం విల్లీస్, ఫోర్డ్. రెండూ కలిపి 6 లక్షలకు పైగా జీపులు. వాటి ముందు ఇరుసుల్లో ఒకటికి మించిన రకాల జాయింట్లు కనిపిస్తాయి. స్టీరింగు పూర్తిగా తిప్పి లాగినప్పుడు మాత్రమే 'టక్ టక్' వినిపిస్తే, ఆ జాయింటులో బంతులో వాటి గాళ్లో అరిగాయని అర్థం.

మన దేశానికి జీపు వచ్చిన దారి కూడా చెప్పుకోదగ్గదే. 1945 అక్టోబరు 2న ఉక్కు వ్యాపారం కోసం మహీంద్రా అండ్ మహమ్మద్ సంస్థ ఏర్పడింది. భాగస్వామి గులాం మహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ జీపులు ఇక్కడ బిగించడం ఆ దశాబ్దం చివర్లోనే మొదలైంది. ప్రాజెక్టులు కట్టిన ఇంజనీర్ల తరం ఈ బండ్ల మీదే తిరిగింది.

యుద్ధకాలపు జీపుకు హబ్ లాకు లేదు. ముందు భాగమంతా అవసరం ఉన్నా లేకున్నా తిరిగేది. ఈ అరుగుదలను తగ్గించడానికి 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ విప్పి బిగించే హబ్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన ఉద్దేశం పొదుపు. అది రోగనిర్ధారణ పనిముట్టు కావడం నా దృష్టిలో మెకానిక్కుల ఘనత.

మీరు ఇలాంటి బండిలో కూర్చుంటే మరొకటి గమనించండి. తారు రోడ్డు మీద స్పెషల్ గేరులో మలుపు తిరిగితే బండి బిగుసుకుని కుదుపుతుంది. అది జబ్బు కాదు. మలుపులో ముందు చక్రాలు వెనుక వాటికన్నా ఎక్కువ దూరం పోవాలి. ఈ తరహా జీపుల్లో ముందు, వెనుక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ లేదు. ఇసుకలో, బురదలో చక్రం జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు. ముందు టైర్లు అరిగి వెనుకవి కొత్తవైతే నేరు దారిలోనూ ఈ బిగువు వస్తుంది.

అదురు ఎంత వడిగా వస్తోందన్నది కూడా సాక్ష్యమే. యుద్ధకాలపు విల్లీస్ ఇరుసు నిష్పత్తి 4.88. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 7½ చుట్లు తిరిగితే, షాఫ్ట్ సుమారు 36 చుట్లు తిరుగుతుంది. చక్రం తప్పు స్టీరింగును ఊపుతుంది, షాఫ్ట్ తప్పు రేకును జుమ్మనిపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో ఒక్క క్షణం న్యూట్రల్ చేయండి. అదురు అలాగే ఉంటే ఇంజనును అనుమానించనక్కర్లేదు.

మేము మధ్యాహ్నం దాటాక సోమశిల చేరాం. రేకు అదరలేదు. ఆనకట్ట దగ్గరి మలుపులో ఎడమ చక్రం టక్ టక్‌మంది. ఓనరు నా వైపు చూసి, "అది వేరే జాయింటు సార్, వేసవి దాకా ఆగుతుంది" అన్నాడు.