ఓటరు జాబితాలో పేరుంటే గ్రామసభలో మాటుంటుంది

ఓటంటే ఐదేళ్లకోసారి వేసేదేనని మన పిల్లలు చాలామంది అనుకుంటారు. మన ఏజెన్సీలో అంతకు మించిన హక్కు ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఓటు వయసు 1989లో 21 నుంచి 18కి తగ్గింది కాబట్టి మీకూ అక్కడ చోటుంది.

ఆ సభ బలమేమిటో 2013లో ఒడిశాలోని నియమగిరి చూపించింది. కొండ మీద బాక్సైట్ తవ్వాలన్నారు. డోంగ్రియా కోందులకు అది నియమరాజా కొండ. వాళ్ల పూజా హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. 12 పల్లెల్లో సభలు జరిగాయి. ఒక్క ఊరూ తవ్వకానికి ఒప్పుకోలేదు. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది.

మన దగ్గర పెసా నియమాలు 2011లో వచ్చాయి. అయినా సభంటే పెద్దల పనేనని మనం ఇళ్లలోనే ఉండిపోతున్నాం. 17 నిండినవాళ్లు ఫారం-6 ముందుగానే పెట్టుకోవచ్చు.