రాతిలో దాగిన నీరు



హైదరాబాదు పాతనగరమునకు దక్షిణమున బార్కస్ అను పేట కలదు. దండు విడుదులకు ఆంగ్లేయులు వాడు బ్యారక్స్ అను మాటయే జనుల నోట బార్కస్ అయినది. నిజాము కొలువునందలి అరబ్బు సైనికులు అచ్చట కాపురముండిరి. వారిలో పెక్కుమంది యెమెను దేశపు హద్రమౌత్ సీమనుండి వచ్చినవారు. ఆ సీమవారే మఱికొందఱు 19వ శతాబ్దమున ఓడలెక్కి జావా, సుమత్రా ద్వీపములకు పోయి, వర్తకము చేసికొనుచు అచ్చటనే నిలిచిరి. వారు విడిచిన తీరమును, చేరిన తీరమును భూగర్భచరిత్రలోని ఒక వింతకు రెండు కొనలు. మొదటి తీరము ముందటి సముద్రమున నీరు రాతిలోనికి చొచ్చుచున్నది. రెండవ తీరము క్రింద, అట్లు రాతిలో చిక్కిన నీరు వెలువడి అగ్నిపర్వతములను రగుల్చుచున్నది.

రాతిలో నీరేమి యని మీరడుగవచ్చును. సున్నము వాడినవారికి ఇది క్రొత్త గాదు. కాల్చిన సున్నపుగడ్డపై నీరు పోయగా అది వేడెక్కి, ఉబ్బి, పొడియగును. పోసిన నీటిలో కొంత ఆవిరియై పోవును. కొంత ఆ పొడిలోనే కలిసిపోవును. చేతికి తడి తగులదు. మరల గట్టిగా కాల్చినచో ఆ నీరు వెలువడును. గూడూరు కాకిబంగారమునందును, పులివెందుల రాతినారయందును నీటి మూలద్రవ్యములగు ఉదజని, ఆమ్లజనులు ఇట్లే రాతితో పెనవేసికొని యున్నవి. రాతినార 100 తులములలో నీటి భాగము ఇంచుమించు 13 తులములు.

హద్రమౌత్ తీరము ముందు ఏడెను అఖాతము కలదు. అచ్చట సముద్రపు నేల నడుమ చీలి, ఏటికి అంగుళమునకు లోపుగా ఇరువైపులకు జరుగుచున్నది. చీలికలో క్రొత్త రాయి పుట్టును. పగుళ్లగుండ సముద్రజలము దిగి, వేడిరాతితో కలిసి, సర్పెంటైను మున్నగు నీటిఖనిజములను పుట్టించును. పైని చెప్పిన రాతినార పుట్టిన విధము వేరైనను, అదియు సర్పెంటైను కులమునకు చెందినదే.

ఇట్లు నీరు త్రాగిన సముద్రపు నేల కోట్ల సంవత్సరములు జరిగి జరిగి, కొన్నిచోట్ల ఎదుటి భూఫలకము క్రిందికి క్రుంగిపోవును. జావా దక్షిణతీరమున హిందూమహాసముద్రపు నేల అట్లే క్రుంగుచున్నది. లోతునకు పోయినకొలది వేడియు ఒత్తిడియు హెచ్చును. సున్నపుబట్టీలో వలెనే ఖనిజములు తమ నీటిని విడుచును. సుమారు 100 కిలోమీటర్ల లోతున ఆ నీరు మీది రాతిలోనికి ఎగబ్రాకును. కంసాలి వెలిగారము చేర్చి అతుకును సులువుగా కరగించునట్లు, నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరగును. కరగిన రాయి పైకి వచ్చునప్పుడు అందలి నీరు ఆవిరియై, మూత బిగించిన కుండవలె పర్వతమును ప్రేల్చును. 1883 ఆగస్టు 27వ తేదీన జావా, సుమత్రాల నడుమ క్రాకటోవా ప్రేలినప్పుడు 36,000 మందికి పైగా మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులను పొట్టనబెట్టుకొన్నవి ఆ ప్రేలుడుచే లేచిన కెరటములే.

నీటికిని నిప్పునకును చుక్కెదురని తలచు లోకము ఈ సత్యమును మెల్లమెల్లగా గ్రహించినది. 1912లో జర్మనీ పండితుడు వెగెనరు ఖండములు కదలునని చెప్పెను. జపానులో వదాతి యను శాస్త్రజ్ఞుడు ద్వీపముల క్రింద భూకంపకేంద్రములు ఏటవాలుగా లోతునకు దిగుచున్నవని కనుగొనెను. 1949లో అమెరికాలో బోవెను, టటిల్ అనువారు సర్పెంటైను ఎంత వేడికి నీటిని విడుచునో ప్రయోగముచే చూపిరి. 1960 తరువాత ఈ పాయలన్నియు ఒక్క ప్రవాహమైనవి.

ఇది దూరదేశముల మాట మాత్రమే కాదు. బార్కసుకు దక్షిణమున పహాడీ షరీఫ్ గుట్టయందలి నల్లరేకుల అభ్రకములో నేటికిని నీటిభాగము కలదు. ఆ ప్రాంతపు గ్రానైటు రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. భూగర్భమున నీరు లేకున్నచో ఇంతటి గ్రానైటు రాశి ఏర్పడియుండదని శాస్త్రజ్ఞుల మతము. తెలుగువారు అనేకులు నివసించు పోర్టుబ్లేయరునకు సుమారు 135 కిలోమీటర్ల దూరమున బ్యారన్ ద్వీపము కలదు. చిరకాలము నిద్రించిన ఆ అగ్నిపర్వతము 1991లో మరల మేల్కొనినది.

క్రుంగు నేలకును మీది నేలకును నడుమ ఒత్తిడిలో చిక్కిన నీరు వాని పట్టును సడలించును. పట్టు విడిన చోట భూమి జారును. 2004 డిసెంబరు 26వ తేదీన సుమత్రానుండి అండమానువరకు అట్టి హద్దున భూమి జారి, సునామీ లేచి, మన ఆంధ్రతీరమున సయితము నూరుమందికి పైగా ప్రాణములు గొన్నది. అటుపిమ్మట 2007లో హైదరాబాదునందే సునామీ హెచ్చరికల కేంద్రము నెలకొన్నది. సముద్రము లేని నగరము సముద్రతీరమునకు కావలి కాయుచున్నది.

తీరగ్రామముల పెద్దలకు ఒక విన్నపము. కడలి అకస్మాత్తుగా వెనుకకు తీసి ఇసుక బయటపడినచో, చేపలకై పిల్లలను అటు పోనీయకుడు. హెచ్చరికకై ఎదురుచూడక అందఱిని మెరకకు నడిపింపుడు. రాతిలోని నీరు కంటికి కనబడదు. అది లేపిన కెరటము కనబడుసరికి పరుగిడుటకు వ్యవధి చాలదు.