తమాషా పెట్టె, తాలీమ్ పెట్టె

మొన్న ఐతారం మా అబ్బాయి కబాడీ దుకాణం నుంచి ఒక ఇనుప చట్రం, మోటారు మోసుకొచ్చాడు. బిళ్ల వేస్తే చిన్నపిల్లల్ని ఊపే గుర్రం బొమ్మ ఉంటుంది చూడండి, దాని అడుగు భాగం అది. దానికి కుర్చీ బిగిస్తాడట. కంప్యూటర్ ఆటలో విమానం ఎటు వంగితే కుర్చీ అటు వంగాలట.

"ఇంతిహాన్లు పెట్టుకుని ఈ తమాషా ఏంట్రా?" అని కసిరాను.

"అబ్బా, పైలట్లకు నేర్పిన లింక్ ట్రైనర్ కూడా మొదట తమాషా బజార్లోనే ఉండేది" అన్నాడు.

అఖ్బార్‌లో పనిచేసేవాణ్ణి, ఆ మాట పట్టుకోకుండా ఉండలేకపోయాను. రాత్రి కూర్చుని చదివాను. వాడు చెప్పింది సచ్చే.

అమెరికాలోని బింగమ్‌టన్ పట్నంలో ఎడ్విన్ లింక్ వాలిద్‌కు పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే కార్ఖానా ఉండేది. కొడుక్కేమో విమానాల షౌక్. 1920లో మొదటి పాఠానికి వెళ్లాడు. గాల్లో నేర్చుకోవడమంటే డబ్బుకూ ముప్పే, ప్రాణానికీ ముప్పే. నేల మీదే నేర్పలేమా అన్న ఖయాల్ వాణ్ణి వదల్లేదు.

చేతికందింది ఆర్గాన్ సామానే. ఖవ్వాలీ మెహఫిల్‌లో హార్మోనియం వెనకాల ఊపే తిత్తిని చూశారు కదా? అలాంటి తిత్తులనే చిన్న విమానంలాంటి పెట్టె కింద అమర్చాడు. లోపల కూర్చున్నవాడు కర్ర కదిపితే కవాటాలు తెరుచుకుంటాయి. ఒక తిత్తిలో గాలి పోయి ముడుచుకుంటుంది, ఎదుటిది ఉబ్బుతుంది. పెట్టె అటు ఒరుగుతుంది. రాగం పలికించే గాలి మనిషిని ఊపింది, అంతే.

1929లో అది తయారైంది. పేటెంట్ కాగితంలోనే దాన్ని శిక్షణకూ వినోదానికీ పనికొచ్చే యంత్రంగా రాసుకున్నాడు. ఫౌజ్ పట్టించుకోలేదు. కొన్నవాళ్లలో ఎక్కువమంది అమ్యూజ్‌మెంట్ పార్కులవాళ్లే. మనం నుమాయిష్‌లో ఝూలా ఎక్కినట్టు జనం దాన్ని ఎక్కి దిగారు.

1934 ఫిబ్రవరిలో అమెరికా హుకూమత్ విమానాల్లో టపా మోసే పని ఫౌజ్‌కు అప్పగించింది. చలికాలం, రాత్రిళ్లు, పొగమంచు. బయటికి ఏమీ కనబడనప్పుడు ముల్లులు చూసి నడిపే తాలీమ్ ఆ పైలట్లలో చాలామందికి లేదు. కొన్ని వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ పెట్టె. అధికారులను కలవడానికి లింక్ పాడు వాతావరణంలోనే విమానం నడుపుకుంటూ న్యూవార్క్‌లో దిగాడు. ఫౌజ్ ఆరు కొనుక్కుంది. అప్పటికి లోపల ముల్లుల పలక కూడా చేరింది. పైన మూత వేస్తే లోపలివాడికి ఆ ముల్లులే దిక్కు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అలాంటివి పదివేల దాకా తయారయ్యాయి. దాదాపు అయిదు లక్షలమంది వాటిలో కూర్చుని నేర్చుకున్నారు.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ మధ్య అయిదేళ్లు. హునర్ ఉంది, యంత్రం ఉంది. చూసినవాళ్లకు మాత్రం అది ఆటబొమ్మలా కనబడింది. జనాజాలు లేచాక గానీ నజర్ మారలేదు. పొద్దున నేను కసిరింది కూడా అదే నజర్‌తో కదా?

తెల్లారి లేచేసరికి వాడు మేడమీద చట్రానికి తుప్పు గీకుతున్నాడు.

"కరెంటు పని మాత్రం మిస్త్రీ వచ్చాకే" అన్నాను.

"జీ అబ్బా" అని రెండో గరుకు కాగితం నా చేతికిచ్చాడు.