వేషాల పంపకం

నిరుడు సెప్టెంబరులో మా ఇంటి పిల్లగాడు బడి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏమైంది బేటా అంటే పలకడు. రాత్రికి వాళ్లమ్మీ బుజ్జగిస్తే చెప్పాడు. 17వ తారీఖు నాటకానికి టీచరు వేషాలు పంచిందట. ఒకరికి చాకలి ఐలమ్మ, ఒకరికి సర్దార్ పటేల్. మావాడికి కాసిం రజ్వీ. "నీకు ఉర్దూ వస్తది కదా, బాగుంటది" అన్నదట. ఆ మాటలో ద్వేషం లేదు. మాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆగస్టు 15కైతే మాకు మౌలానా ఆజాద్ ఉన్నాడు, అబ్దుల్ కలాం ఉన్నాడు. గడ్డం అతికిస్తే ఒకరు, జుట్టు పాయ తీస్తే ఇంకొకరు. ఆ రెండూ అయిపోయాక మాకు మిగిలేది ఔరంగజేబు, లేకుంటే రజ్వీ.

రజ్వీని మేం వెనకేసుకు రావడం లేదు. లాతూరు వకీలు, రజాకార్ల నాయకుడు. 1957లో జైలు నుంచి బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఈ మట్టిని వదలని మా పిల్లల ఒంటికి మాత్రం తన వేషం తగిలించి పోయాడు.

ఆ నాటకంలో షోయబుల్లాఖాన్ ఏడీ? 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడిపాడు. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాశాడు, అదీ ఉర్దూలోనే. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఇంటికి పోతుంటే రజాకార్లు దారికాచి, రాసిన చెయ్యి నరికి చంపారు. ముప్పై ఏళ్లు కూడా లేవు. కామారెడ్డిగూడెం షేక్ బందగీ ఏడీ? తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుకెక్కి, దొర మనుషుల చేతిలో చచ్చిన రైతు. 1857 జులై 17న కోఠీ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపిన తుర్రేబాజ్ ఖాన్ ఏడీ? ఆయన్ను చంపి, శవాన్ని నలుగురూ చూసేట్టు వేలాడదీశారు. ఆయన వేషానికి కిరాయి బట్టలు ఏ దుకాణంలోనూ దొరకవు.

పోలీసు చర్య తర్వాత చచ్చిన మావాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు దాచిపెట్టారు. వాళ్ల వేషం ఎవరికిస్తారు?

షోయబుల్లాఖాన్ వేషం మా పిల్లలకే ఇవ్వాలని మేం అనడం లేదు. ఏ పిల్లవాడైనా వెయ్యొచ్చు. మా ఆడపిల్ల ఐలమ్మ వేస్తే కొంగు జారిపోతుందా?

మేం ఆయన గురించి అరపేజీ రాసి పంపాం. టీచరు పూర్తిగా చదివింది. "మంచిగుంది, కానీ నాటకం అప్పుడే తయారైపోయింది" అన్నది. 17న మావాడు రజ్వీగానే స్టేజీ ఎక్కాడు. డైలాగు ఎక్కడా తప్పలేదు. చప్పట్లు అందరికంటే వాడికే ఎక్కువ పడ్డాయట.