తెరచాప పడవలో మరుగుదొడ్డి స్థానం

రోజుల తరబడి సముద్రం మీద ఉండే తెరచాప పడవలో పడుకోవడానికి బెర్తులు, వంటకు పొయ్యి, సముద్ర పటాలు పరుచుకోవడానికి బల్ల, మరుగుదొడ్డి అన్నీ తొమ్మిది నుంచి పన్నెండు మీటర్ల పొడవులో ఇమడాలి. చివరిదాన్ని ఎక్కడో ఒక మూల సర్దేస్తే సరిపోతుందని అనిపిస్తుంది గానీ, పడవ లోపలి అమరికను చాలావరకు నిర్ణయించేది అదే. దానికి మనిషి నిలబడేంత ఎత్తు, తలుపు, పడవ అడుగున సముద్రంలోకి రంధ్రాలు, మురుగు నిల్వకు ట్యాంకు కావాలి. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో పోటీలకు దిగే లేజర్ వంటి చిన్న పడవలకు ఈ చిక్కు లేదు, వాటికి కేబినే ఉండదు. కేబిన్ ఉన్న పడవల్లో ఈ గదిని నావికులు ‘హెడ్’ అంటారు.

పాత ఓడల్లో

అడ్డ తెరచాపల కాలంలో ఓడలు ఎక్కువగా గాలిని వెనక నుంచి పట్టి నడిచేవి. వాసన ముందుకే కొట్టుకుపోయేది. ముక్కు దగ్గర ఎగిసే అలలు ఆ చోటును కడిగేసేవి. అందుకే మామూలు సిబ్బందికి అణియంలో, అంటే ఓడ ముందు కొసన, ఆరుబయట రంధ్రమున్న చెక్క ఆసనాలు ఉండేవి. 1628లో తొలి ప్రయాణంలోనే మునిగిపోయి, ఇప్పుడు స్టాక్‌హోమ్ మ్యూజియంలో ఉన్న వాసా ఓడలో వాటిని చూడవచ్చు. కెప్టెన్‌కు మాత్రం అమరం వైపు, అంటే వెనక కొసన, గోడల చాటున వేరే ఏర్పాటు ఉండేది. నేటి పడవల త్రికోణ తెరచాపలు గాలికి ఏటవాలుగా ఎదురెళ్లగలవు, మరుగుదొడ్డి కూడా డెక్ కిందికి చేరింది. ముందు భాగాన్ని ఎంచుకోవడానికి ఉన్న పాత కారణాలు రెండూ పోయాయి. అలవాటు మాత్రం చాలాకాలం నిలిచింది.

ముందు భాగంలో పెడితే

ఇరవయ్యో శతాబ్దపు విహార పడవల్లో సాధారణంగా కనిపించే వరస ఇది: ముక్కులో రెండు బెర్తులు, వాటి వెనక ఒక పక్క మరుగుదొడ్డి, ఎదురుగా బట్టల అల్మరా, తర్వాత మధ్య గది, చివర మెట్ల దగ్గర వంటగది. 1970ల తొలినాళ్లలో బ్రిటన్‌లో వచ్చిన, సముద్రంలో దిట్టమైనదిగా పేరు పొందిన కాంటెస్సా 32 లోపలి వరస కూడా దాదాపు ఇదే. ఇందులో ఒక సౌలభ్యం ఉంది. సన్నబడుతూ పోయే ముందు భాగం ఇంకే పనికీ అంతగా అక్కరకు రాదు, దాన్ని ఈ గదికి ఇచ్చేస్తే వెడల్పైన నడుమ భాగమంతా మనుషులకు మిగులుతుంది. పడవ లంగరు వేసి ఉన్నప్పుడు ఈ అమరికలో చెప్పుకోదగ్గ లోటు లేదు.

లోటు కదలికలో బయటపడుతుంది. అలల మీద పడవ ముక్కు లేచి పడేటప్పుడు, దాదాపు నడుమకు కాస్త వెనకగా ఉండే ఒక బిందువు చుట్టూ ఊగుతుంది. ఆ బిందువు నుంచి దూరం పెరిగేకొద్దీ పైకీ కిందికీ కుదుపు పెరుగుతుంది. గాలికి ఎదురెళ్లే రాత్రి ముక్కు దగ్గరి గదిలో కూర్చున్న మనిషి ఒక క్షణం ఆసనం నుంచి లేచి, మరుక్షణం దాని మీద కూలబడతాడు. సముద్రపు జబ్బు ఉన్నవారికి అంతకంటే నరకం లేదు. పైగా కాపలా దిగి వచ్చినవాడు ఉప్పునీళ్లు కారే రెయిన్‌కోటుతో, నిద్రపోతున్న వాళ్లను దాటుకుంటూ, మధ్య గది పొడవునా నడవాలి. ఆ తడి పరుపుల్లోకి చేరిందంటే వారమైనా ఆరదు, ఉప్పు గాలిలోని తేమను పీలుస్తూనే ఉంటుంది.

మెట్ల పక్కన

1980ల నుంచి ఫ్రాన్స్, జర్మనీ కంపెనీల పడవలు వెనక భాగంలో వెడల్పు పెంచుకుంటూ వచ్చాయి. దాంతో పడవ నడిపేవారు కూర్చునే కాక్‌పిట్ నుంచి దిగే మెట్ల పక్కనే మరుగుదొడ్డి పెట్టే వీలు కలిగింది. కుదుపు తక్కువగా ఉండే చోటికి ఇది దగ్గర. దిగినవాడు రెండడుగుల్లో తలుపు అందుకుంటాడు, తడి కోటును ఆ గదిలోనే తగిలించవచ్చు, కారే నీరు అక్కడి పళ్లెంలోకే పోతుంది. ఒంటరిగా పడవ నడిపేవారికి, ఇద్దరే ఉండి వంతులవారీగా కాపలా కాసేవారికి దీని విలువ మరీ ఎక్కువ: డెక్ మీద అలికిడి వినబడుతుంది, వెంటనే పైకి ఎక్కవచ్చు.

దీనికి మూల్యం లేకపోలేదు. సముద్రంలో పడుకోవడానికి అన్నిటికంటే అనువైన వెనక బెర్తు ఒకటి పోతుంది, లేదా వంటగది కుంచించుకుపోతుంది. వాసన వచ్చిందంటే వంట చేసేవారి ముక్కు పక్కనే. అయినా తీరం వదిలి వెళ్లే పడవకు ఈ చోటే మేలు.

ఏ వైపుకు ముఖం

గది ఎక్కడ ఉన్నా ఆసనం దిశ సరిగా లేకపోతే ఫలితం లేదు. గాలికి ఎదురెళ్లే పడవ 20–25 డిగ్రీలు పక్కకు ఒరగడం మామూలే. వీపు పడవ గోడకు ఆనించి, ముఖం నడుమకు పెట్టి కూర్చునేలా ఉంటే, పడవ ఒక వైపు ఒరిగినప్పుడు కుర్చీలో వాలినట్టు హాయిగా ఉంటుంది. దిశ మార్చుకుని రెండో వైపు ఒరగగానే మనిషి తలుపు మీదికి జారిపోతాడు. ముక్కు వైపో అమరం వైపో చూసేలా అమర్చి, రెండు భుజాలకూ గోడ అందేంత ఇరుకుగా కడితే ఎటు ఒరిగినా ఆనుకోవడానికి ఒక గోడ దొరుకుతుంది. బోటు ప్రదర్శనల్లో అందరూ మెచ్చుకునే విశాలమైన స్నానాల గది సముద్రంలో దెబ్బలకు మూలం. ఈ ఒక్క గదికి ఇరుకే సుగుణం.

నీటిమట్టం, గొట్టాలు

చేతి పంపుతో నడిచే మామూలు మెరైన్ టాయిలెట్‌కు సముద్రపు నీరు తెచ్చే 19 మిల్లీమీటర్ల గొట్టం, మురుగు పంపే 38 మిల్లీమీటర్ల గొట్టం ఉంటాయి. రెండూ పడవ అడుగున ‘సీకాక్’ అనే కవాటాలకు చేరతాయి. నీరు తీసుకునే రంధ్రం ముందు, మురుగు వదిలే రంధ్రం వెనక ఉండాలి, లేకపోతే వదిలిందే తిరిగి లోపలికి వస్తుంది.

ఆసనం చాలాసార్లు నీటిమట్టానికి కిందే ఉంటుంది. కవాటం తెరిచి ఉండి, పంపు లోపలి రబ్బరు పొర అరిగిపోతే, సైఫన్ చర్యతో సముద్రం తొట్టి నిండి లోపలికి పొర్లుతుంది. అరమీటరు లోతున 38 మిల్లీమీటర్ల గొట్టం ఊడిపోతే నిమిషానికి వంద లీటర్లకు పైగా నీరు వస్తుంది. రేవులో కట్టేసిన పడవలు ఇలా మునిగిన సందర్భాలు ఉన్నాయి. విరుగుడుగా గొట్టాన్ని ఎత్తుకు తీసుకెళ్లి వంచి, ఆ వంపు మీద గాలి పీల్చే చిన్న కవాటం పెడతారు. ఆ వంపు పడవ ఒరిగినప్పుడు కూడా నీటికి పైనే ఉండాలి. నడిమి గీతకు 1.2 మీటర్ల దూరాన ఉన్న చోటు 25 డిగ్రీల ఒరుగులో సుమారు అరమీటరు కిందికి దిగుతుంది. కాబట్టి పడవ గోడకు అంటుకుని ఉన్న గది కంటే నడుమకు దగ్గరగా ఉన్నది సురక్షితం.

వాసనకు కారణం చాలావరకు గొట్టం పొడవు. 38 మిల్లీమీటర్ల గొట్టం మీటరుకు 1.1 లీటర్ల నీరు పట్టుకుంటుంది. మూడు మీటర్లు ఉంటే దాదాపు మూడున్నర లీటర్లు పంపు కొడితే గానీ మురుగు దాన్ని దాటిపోదు. అర్ధరాత్రి అంతసేపు ఎవరూ కొట్టరు. మిగిలినది గొట్టంలో కుళ్లి, క్రమంగా రబ్బరులోంచి కూడా వాసన బయటికి వస్తుంది. తెచ్చే గొట్టంలో నిలిచిన సముద్రపు నీటిలోని సూక్ష్మజీవులు చచ్చి కోడిగుడ్డు కుళ్లిన కంపు కొడతాయి. మురుగు గొట్టం పొట్టిగా ఉండాలంటే ట్యాంకు టాయిలెట్‌కు ఆనుకునే ఉండాలి.

అరవై లీటర్ల ట్యాంకు నిండితే అరవై కిలోలకు పైమాటే. ముక్కులో పెడితే పడవ అలలో మరింత గుచ్చుకుంటుంది, ఒక పక్కన పెడితే అటు వాలుతుంది. అయితే ట్యాంకు లేకుండా గడిచే రోజులు పోతున్నాయి. అమెరికాలో తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల లోపు శుద్ధి చేయని మురుగు వదలకూడదు. స్వీడన్ 2015 నుంచి తన తీర జలాల్లో విహార పడవలు మురుగు వదలడాన్నే నిషేధించింది.

తొమ్మిది మీటర్ల లోపు పడవల్లో చాలావాటికి మెట్ల పక్కన గది కట్టే చోటుండదు. అక్కడ ముందు భాగమే గతి, లేదా మెట్ల కిందికి జరిపి పెట్టే పోర్టబుల్ టాయిలెట్. అంతకు మించిన పడవ కొనేవారు రేవులో గదిని చూసి మురిసిపోకుండా, తలుపు వేసుకుని ఆసనం మీద కూర్చోవాలి. రెండు భుజాలకూ గోడ అందుతోందో లేదో, లేవకుండా చేయి చాపి రెండు సీకాక్‌లూ మూయగలరో లేదో చూసుకున్నాకే ధర మాట్లాడాలి.