బస్తర్‌లో గడువు తీరని సెషను

మొన్న మా అబ్బాయి ఇంట్లో కూర్చునే ఆఫీసు కంప్యూటరు నడుపుతుంటే పక్కన కూర్చుని చూశాను. అపాచీ గ్వాకమోలి అని ఒక సాఫ్ట్‌వేరు. ఎక్కడో ఉన్న యంత్రం తెర బ్రౌజరులో కనిపిస్తుంది. వాళ్ల ఆఫీసు సొంత లాగిన్ పద్ధతిని దానికి అతికించే పని వీడికి అప్పజెప్పారట. "అందులో కష్టమేముందిరా, పాస్‌వర్డు అడిగితే చాలదా?" అన్నాను.

"అడిగేది ఒక్కసారే నాన్నా. ఆ తర్వాత వచ్చే ప్రతి క్లిక్కూ అదే మనిషిదని ఎలా నమ్మాలి, ఎంతసేపు నమ్మాలి అన్నదే కష్టం."

రక్షణ లెక్కల శాఖలో ఉద్యోగమంతా సంతకాలు పోల్చి చూడటంలోనే గడిపినవాడిని. ఆ మాట వినగానే నాకు బస్తర్ గుర్తొచ్చింది.

బస్తర్ తెలుగువాళ్లకి మరీ పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు అక్కడికి వెళ్లి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. (ఆ వంశావళిని ఎవరు ఆడిట్ చేశారని అడక్కండి.) ఆ వంశంలో ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్, తల్లి ప్రఫుల్ల కుమారీ దేవి లండన్‌లో చనిపోయాక 1936లో ఏడేళ్ల వయసుకే గద్దెనెక్కాడు. 1948లో సంస్థానం విలీనమైంది. 1957లో జగదల్‌పూర్ నుంచి ఎమ్మెల్యే అయ్యాడు. ప్రభుత్వంతో తగాదా ముదిరింది. 1961లో రాజుగా ఆయనకున్న గుర్తింపును కేంద్రం రద్దు చేసి తమ్ముడు విజయ్ చంద్రకు ఇచ్చింది. మా శాఖ భాషలో, రిజిస్టరులో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాశారు.

అయితే ఆదివాసుల రిజిస్టరు వేరు. వాళ్లకి రాజంటే దంతేశ్వరి దేవి ప్రధాన పూజారి. ఢిల్లీ కాగితం ఆ హోదాని తాకలేదు. నిర్బంధంలో ఉన్న రాజుని విడిచిపెట్టమని లోహండిగూడలో గుమిగూడిన జనం మీద 1961 మార్చి 31న పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఖాతా రద్దు చేసినంత మాత్రాన అప్పటికే తెరిచి ఉన్న సెషను ఆగదట, దాన్ని విడిగా తెంచాలని మావాడు చెప్పాడు. బస్తర్‌లో దాన్ని తుపాకీతో తెంచబోయారు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో ప్రవీర్ చనిపోయాడు. ఆయనతోపాటు ఆదివాసులూ చనిపోయారు.

అప్పటికీ తెగలేదు. 1970ల మొదట్లో బిహారీ దాస్ అనే బాబా ఒకాయన వచ్చి ప్రవీర్‌ని నేనే అన్నాడు. ఆదివాసులు పెద్ద ఎత్తున నమ్మారు. మాంసం, మద్యం మానేసి మెడలో తులసి పూసల కంఠి వేసుకోమన్నాడు, వేసుకున్నారు.

మన సమావేశాల్లో ఇలాంటి కథ చెబితే అందరం నవ్వుతాం. నేనూ నవ్వాను. కానీ ఒక ఆడిటరుగా ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. రాజు చనిపోయాడని ఆ జనానికి చెప్పింది ఎవరు? కాల్చిన ప్రభుత్వమే. చెల్లింపు చేసినవాడే ఆ వోచరు సరిగ్గా ఉందని ధ్రువీకరిస్తే నేను ఒప్పుకునేవాడినా? బాబాని అనుమానించకపోవడం వాళ్ల తప్పే. ప్రభుత్వాన్ని అనుమానించడం మాత్రం తప్పనలేను.

బెంగాల్‌లోని భావల్ జమీందారీలో ఇలాంటిదే జరిగింది. 1909లో చనిపోయాడనుకున్న కుమారుడు 1921లో సన్యాసిగా ప్రత్యక్షమయ్యాడు. అక్కడ మాత్రం కోర్టు పుట్టుమచ్చలు, మచ్చలు చూసింది, వెయ్యికి పైగా సాక్షులను విచారించింది. 1946లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి సన్యాసే గెలిచాడు. తీర్పు తప్పో ఒప్పో, తనిఖీ అంటూ ఒకటి జరిగింది. అక్కడ పేచీ ఆస్తి గురించి కనుక జరిగింది. బస్తర్ ఆదివాసుల నమ్మకానికి అంత ఖర్చు ఎవరు పెడతారు?

గ్వాకమోలిలో ఒక ఏర్పాటు ఉంది. ముందున్న వెబ్ సర్వరు మనిషిని తనిఖీ చేసి, పేరు ఒక చీటీ మీద రాసినట్టుగా లోపలికి పంపుతుంది. లోపలివాడు ఆ చీటీనే నమ్ముతాడు. వెనక దారి మూయడం మరిచిపోతే ఎవరైనా తనకు నచ్చిన పేరు రాసుకుని రావచ్చు. బిహారీ దాస్ వచ్చింది అలాంటి దారినే. చీటీ ఉంది, వాకిట్లో తనిఖీ చేసేవాడు లేడు.

ఇక గడువు సంగతి. అరవై నిమిషాలు ఏ కదలికా లేకపోతే గ్వాకమోలి దానంతట అదే సెషను ముగిస్తుంది, మనం వేరే గడువు పెట్టకపోతే. మా పెన్షనర్లకు గడువు ఏడాది. ఏటా నవంబరులో బతికే ఉన్నామని రుజువు చూపించాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో పని జరుగుతోంది. నా స్నేహితులు కొందరికి ఇది అవమానం. నిన్నటిదాకా బతికున్నవాడు ఇవాళా బతికే ఉన్నాడని ఎందుకు అనుకోకూడదని తగవు పడతారు. చనిపోయినవాళ్ల పేర ఏళ్లకేళ్లు పెన్షను డ్రా అయిన ఫైళ్లు చూశాను కనుక నేను కిక్కురుమనను.

మావాడు గడువు ఇరవై నిమిషాలే పెట్టాడట. మాటిమాటికీ లాగిన్ అవ్వాల్సొస్తోందని ఆఫీసులో గోల చేస్తున్నారు. ఈ వారంలో పెంచమంటారేమోనని దిగులుగా ఉన్నాడు.